పాత బొమ్మల కథల పత్రికలు: సేకరణ, శ్రేణి నిర్ణయము, సంరక్షణ

ఇంటిలోని పుస్తకము పాతబడిన కొలదీ రెండు దారులలో ఒకటి పట్టును. బీరువాకు చేరుట ఒకటి. కాటాకెక్కి శనగల పొట్లమగుట రెండవది. పెద్దలు చదివిన గ్రంథములు తరచుగా మొదటి దారిని, పిల్లలు చదివిన పత్రికలు రెండవ దారిని పోవుట మనకు పరిపాటి. అందుచేతనే ఒక తరమునకు చదువు మీద మక్కువ కలిగించిన బొమ్మల కథల పత్రికలు తరువాతి తరమునకు చూచుటకైనను దొరకుట లేదు. అట్టి పత్రికలను ఎట్లు సేకరింపవలెను, వాటి స్థితిని ఎట్లు నిర్ణయింపవలెను, కొల్లేటి గాలి తగులు ఉండి వంటి చోట వాటిని ఎట్లు కాపాడవలెను అను విషయములను విద్యార్థి మిత్రులకును, కళాశాల కార్యవర్గము వారికిని మాకు తెలిసినంత వరకు వివరింపదలచినాము.

ఈ పత్రికలు ఎట్టివి?

గడులుగా గీసిన బొమ్మలతో, పాత్రల నోటి మాటలను బుడగలలో వ్రాసి నడుపు కథలను కామిక్కులు అందురు. అమెరికాలో 1938 జూన్ తేదీతో వెలువడిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మాన్ పాత్ర తొలిసారి కనబడినది. దాని వెల ఆనాడు 10 సెంట్లు. మన దేశమున ఇంద్రజాల్ కామిక్స్ 1964లోను, అనంత్ పాయ్ సంపాదకత్వమున అమర చిత్ర కథ 1967లోను ఆరంభమైనవి. మన బుజ్జాయి గారు పంచతంత్ర కథలను ఈ విధముగానే బొమ్మలలో చెప్పి, ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ పత్రిక ద్వారా దేశమంతటికి పరిచయమైనారు.

అయితే తెలుగువారి ఇండ్లలో బొమ్మల కథ అనగానే స్ఫురించునది చందమామ. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసు నుండి తెలుగు, తమిళ భాషలలో దీనిని ప్రారంభించినారు. తరువాత కన్నడము, హిందీ మొదలైన అనేక భాషలకు అది విస్తరించినది. 1952 నుండి 1980లో కన్నుమూయు వరకు కొడవటిగంటి కుటుంబరావు గారు దాని భాషను తీర్చిదిద్దినారు. చిత్రా, శంకర్ గార్లు లోపలి బొమ్మలకును, వడ్డాది పాపయ్య గారు ముఖచిత్రములకును పేరు పొందినారు. శవమును భుజమున వేసికొని నడచు విక్రమార్కుని బొమ్మ శంకర్ గారిదే. ఇది గడుల కామిక్కు కాకపోయినను, కథలో బొమ్మకు సగపాలు ఇచ్చిన పత్రిక కనుక సేకరణకర్తలు దీనిని ఆ కోవలోనే చేర్చుచున్నారు. 2013 నాటికి దీని ముద్రణ ఆగిపోయినది. కావున ఇకమీదట పాత సంచికల సంఖ్య తగ్గుటయే గాని పెరుగుట లేదు.

మన కళాశాల రెండు భాషల నిలయము. ఉర్దూ చదువు ఇండ్లలో ఢిల్లీ నుండి 1948లో ఆరంభమైన ఖిలౌనా వంటి బాలల మాసపత్రికలకు ఇట్టి స్థానమే ఉండెడిది. ఆ కాలపు ఉర్దూ పత్రికలలో మరియొక విశేషము కలదు. కంప్యూటరు అక్షరములు రాకపూర్వము పుట పుటను కాతిబు తన చేతితో వ్రాసెడివాడు. ఆ వ్రాతయే రాతి అచ్చునకో, ఫలకమునకో ఎక్కెడిది. అందుచేత ఆ సంచిక కథను మాత్రమే కాక ఒక లేఖకుని చేతివ్రాతను కూడ నిలిపి ఉంచుచున్నది.

సేకరణకు తొలి మెట్టు: కాలనిర్ణయము

పాత సంచికలకు అట్టలు ఉండవు. మొదటి పుటలు చినిగి ఉండును. అట్లయినను కాలము తెలిసికొనుటకు కొన్ని గుర్తులు కలవు. ధర అణాలలో మాత్రమే ఉన్నచో అది 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణెములు వచ్చుటకు పూర్వపు సంచిక అని ఊహింపవచ్చును. నయాపైసలు అని ఉన్నచో 1957కును 1964కును నడిమి కాలముది. ఎందుకనగా 1964 జూన్ నుండి నయా అను మాటను తొలగించినారు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉన్నచో 1972 ఆగస్టు తరువాతిది. మద్రాసునకు బదులు చెన్నై అని ఉన్నచో 1996కు ఇటీవలిది. వీటికి తోడు సంపుటము, సంచిక అంకెలను, ధారావాహిక కథలో ఎన్నవ భాగమో కూడ గమనించినచో నెలను సైతము నిర్ణయింపవచ్చును.

ఎక్కడ వెదకవలెను? భీమవరము, తాడేపల్లిగూడెము, ఏలూరు పట్టణములలోని పాత పుస్తకముల అంగళ్ళు, పాత కాగితములు కొనువారి కొట్లు ఒక దారి. అంతకంటె మేలైన దారి మన ఇండ్ల అటకలే. పెద్దలను అడుగుటలో మొగమాటము వలదు. కాని అడిగి తెచ్చినదానికి ఎవరు ఇచ్చినారో ఆనాడే వ్రాసి ఉంచవలెను.

శ్రేణి నిర్ణయము

అమెరికాలో ఈ పత్రికల స్థితిని అర నుండి పది వరకు గల కొలమానముతో నిర్ణయింతురు. అచ్చు యంత్రము నుండి అప్పుడే వచ్చినట్లు ఏ లోపము లేనిది 10. పుటలు పోయి పొడి పొడి అగునది 0.5. ఇందులో ఒక వింత ఏమనగా, ‘మంచిది’ అను పేరు గల శ్రేణికి వచ్చు అంకె 2 మాత్రమే! నలిగి, మాసి, చిన్న చిరుగులు ఉన్నను పుటలన్నియు చదువుటకు వీలుగా ఉన్నచో అది ‘మంచిది’. 2000లో ఏర్పడిన ఒక సంస్థ ఈ నిర్ణయమును వృత్తిగా చేసి, సంచికను గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ముద్రవేసి ఇచ్చుచున్నది. పైన చెప్పిన సూపర్‌మాన్ తొలి సంచికలలో 8.5 శ్రేణి వచ్చిన ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు వేలములో పోయినది. దానికి అంత విలువ ఏల వచ్చినది? అచ్చయిన లక్షల ప్రతులలో అధిక భాగమును పిల్లలు చింపివేసినారు, పెద్దలు పారవేసినారు, రెండవ ప్రపంచ యుద్ధకాలమున పాత కాగితములలో కలిపివేసినారు. పారవేయగా మిగిలినదే అపురూపమైనది.

మన పత్రికలకు అంత సూక్ష్మమైన కొలమానము అక్కరలేదు. ఐదు శ్రేణులు చాలును. అట్ట, పుటలు, మేకులు అన్నియు సరిగా ఉన్నది మొదటి శ్రేణి. నలిగినను లోపము లేనిది రెండవది. అట్ట చినిగినను కథలన్నియు ఉన్నది మూడవది. అట్ట లేనిది, లేక అంచులు కోసి బైండు చేసినది నాల్గవది. పుటలు లోపించినది ఐదవది. శ్రేణిని నిర్ణయించునపుడు పుటలను ఒక్కొక్కటిగా లెక్కింపవలెను. మేకుల తుప్పు, నీటి మరకలు, పురుగు రంధ్రములు, అతుకులు అన్నింటిని వ్రాయవలెను. మరమ్మతు చేసినచో ఆ సంగతిని దాచుట మోసమే అగును.

బైండు పుస్తకములను గూర్చి ఒక మాట. మన ఇండ్లలో ఏడాది సంచికలు పన్నెండింటిని కలిపి కుట్టించుట, లేదా ధారావాహిక పుటలను విడదీసి వేరుగా కుట్టించుట ఆచారముగా ఉండెడిది. బైండరు అంచులు కోయును, ఒక్కొక్కచో అట్టలు తీసివేయును. ధర చూచు సేకరణకర్తకు ఇది లోపము. కాని ఆ గట్టి అట్టల మధ్య ఉన్నందుననే ఆ పుటలు నేటికి మిగిలినవి. కావున అట్టి సంపుటములను ఎన్నడును విప్పరాదు. అట్లే మొదటి పుటపై ఒక బాలుడో బాలికయో వ్రాసికొన్న పేరును చెరపరాదు. ధర చెప్పువానికి అది మరక. గ్రంథాలయమునకు అది ఆ పత్రికను చదివిన ఇంటి గుర్తు.

శత్రువులు, రక్షణోపాయములు

ఈ పత్రికలు చవుక కాగితముపై అచ్చయినవి. కొయ్యను నూరి చేసిన ఆ కాగితములో లిగ్నిన్ అను పదార్థము మిగిలి ఉండును. వెలుతురు, గాలి తగిలిన కొలదీ అది మారి, ఆమ్లమును పుట్టించి, కాగితమును మొదట పసుపు వన్నెకును, పిదప గోధుమ వన్నెకును తెచ్చి, తుదకు మడత పెట్టగనే విరుగునట్లు చేయును. దీనిని పూర్తిగా ఆపలేము, నెమ్మదింపజేయగలము.

మన ప్రాంతమున అంతకంటె పెద్ద శత్రువు తేమ. ఒక వంక కొల్లేరు, ఉప్పుటేరు. మరియొక వంక కాలువలు, వరిచేలు, చేపల, రొయ్యల చెరువులు. గాలిలో తేమ నూటికి 65 పాళ్ళు దాటి నిలిచినచో కాగితముపై బూజు పుట్టును. వానకాలమున మన గదులలో అంతకు మించిన తేమ రోజుల తరబడి ఉండును. తేమను వెన్నంటి చెదలు, బొద్దింకలు, వెండి వలె మెరయుచు పరుగెత్తు పుస్తకపు పురుగులు వచ్చును.

చేయవలసినవి ఇవి. బీరువాను గోడకు ఆనింపక నాలుగైదు అంగుళములు ఎడముగా, నేలకు ఎత్తుగా ఉంచవలెను. అట్టడుగు అరను ఖాళీగా విడువవలెను. తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములను అరలలో ఉంచి, రంగు మారినపుడు వేడిచేసి మరల వాడవలెను. సంచికలను నిలువుగా వదులుగా కాక, చిన్న దొంతరలుగా పడుకోబెట్టవలెను. మాఘ ఫాల్గుణములలో గాలి పొడిగా ఉన్న దినమున వాటిని నీడలో పరచి, మెత్తని కుంచెతో దుమ్ము తీయవలెను. ఎండలో పెట్టరాదు.

చేయరానివి కూడ కలవు. చినిగిన పుటలకు సెలోటేపు అంటింపరాదు. కొన్నేండ్లకు టేపు ఊడిపోయి, దాని జిగురు గోధుమ మరకగా మిగులును. పలుచని కాగితపు పీలికను పిండి జిగురుతో అతుకుట మేలు. లామినేషను చేయించరాదు, దానిని మరల విడదీయలేము. ఖాకీ కాగితములోను, వార్తాపత్రికలోను చుట్టరాదు. వాటి ఆమ్లము లోపలి పుటలకు ఎక్కును. మెత్తని ప్లాస్టిక్ కవర్లు సిరాకు అంటుకొనును. వానకాలమున మూసిన కవరులో తేమ చిక్కుకొనును. ఉతికిన తెల్లని నూలుగుడ్డలో చుట్టుట చవుకయైన మంచి ఉపాయము. నాఫ్తలీను ఉండలను పుటలకు తగులనీయరాదు.

ఉర్దూ సంచికలను బైండునకు ఇచ్చునపుడు ప్రత్యేక జాగ్రత్త అవసరము. అవి కుడి నుండి ఎడమకు సాగును గనుక కుట్టు కుడివైపున రావలెను. తెలుగు పుస్తకములకు అలవాటుపడిన బైండరునకు ఈ సంగతి ముందుగా చెప్పనిచో పుస్తకము తలక్రిందులగును.

నీటిలో తడిసినపుడు

హైదరాబాదున అబ్దుస్ సమద్ ఖాన్ గారు ఉర్దూ పుస్తకములను, పత్రికలను జీవితమంతయు కూడబెట్టినారు. ఆ సంపద 1990లలో చికాగో విశ్వవిద్యాలయము మొదలైన వారి తోడ్పాటుతో సుందరయ్య విజ్ఞాన కేంద్రమునకు చేరినది. 2000 ఆగస్టులో నగరమున వచ్చిన వరదలో ఆ కేంద్రపు పుస్తకములు నీట తడిసినవి. మేడలు గల మహానగరమందే అట్లయినచో, తుపానులకును కాలువ గండ్లకును అలవాటుపడిన మన సంగతి చెప్పనేల?

తడిసిన సంచికను బలవంతముగా తెరువరాదు. నీరు ఒత్తి, శుభ్రమైన కాగితముల నడుమ ఉంచి, పంకా గాలిలో నీడన ఆరబెట్టవలెను. రెండు దినములలో ఆరనంత ఎక్కువగా ఉన్నచో బూజు తప్పదు. అపుడు వాటిని సంచులలో కట్టి గడ్డకట్టు చలిలో ఉంచినచో బూజు ఆగును. తీరిక చూచుకొని కొద్ది కొద్దిగా తీసి ఆరబెట్టవచ్చును. ఇది ప్రపంచమందలి గ్రంథాలయములు అనుసరించు పద్ధతి. రొయ్యల కొరకు శీతల గిడ్డంగులు వెలసిన మన ప్రాంతమున ఈ సాధనము అందుబాటులోనే కలదు. తుపాను రాకముందే ఒక గిడ్డంగి వారితో మాట అనుకొని ఉంచుకొనుటయే కావలసినది.

మన కర్తవ్యము

ఛాయాప్రతులను కంప్యూటరులో భద్రపరచుట నేడు సులభమైనది, అది మంచిదే. విరుగు స్థితిలో ఉన్న పుటలను మాటిమాటికి తిరగవేయు అవసరము దానివలన తప్పును. కాని కాగితపు మందము, అచ్చు రంగుల పొరలు, కాతిబు కలపు ఒరవడి, పుటపై బాలుడు వ్రాసిన పేరు అసలు సంచికలో తెలిసినట్లు తెరమీద తెలియవు.

కార్యవర్గము వారికి మా విన్నపము ఒకటే. గ్రంథాలయములో ఈ పత్రికలకై ఒక ఇనుప బీరువాను, ఒక దస్త్రమును కేటాయింపవలెను. దస్త్రములో పత్రిక పేరు, భాష, నెల, సంవత్సరము, పుటల సంఖ్య, శ్రేణి, లోపములు, ఇచ్చినవారి పేరు అను గడులు ఉండవలెను. వ్యయము స్వల్పము. విద్యార్థి మిత్రులకు మేము చెప్పునది మరియొకటి. లక్షల డాలర్ల ముచ్చట విని ధర కొరకు వెదకవలదు. మన సంచికలలో అధిక భాగమునకు అట్టి ధర రాదు. వచ్చే వేసవిలో ఇల్లు దులుపునపుడు అటక మీది కట్టను కాటాకు వేయకముందు ఒకసారి విప్పి చూడుడు. అందులో ఒక చందమామయో, ఒక ఖిలౌనాయో ఉన్నచో దానిని దుమ్ము దులిపి గ్రంథాలయమునకు తెండు. దానిని చదివి పెరిగిన పెద్దలు మన నడుమ ఉండగానే ఆ పని జరుగుట మేలు; అది ఎవరిదో, ఏ ఏట కొన్నారో చెప్పగలిగినవారు వారే.