మీకు తెలుసా? సైలో కంటే ముందు నేల సిద్ధం కావాలి

జర్మనీలో ఇళ్లు కట్టేచోట ఇసుక గుట్టలు, సిమెంటు బస్తాల బదులు పొడవాటి ఇనుప సైలో తరచూ కనిపిస్తుంది. ఫ్యాక్టరీలోనే పాళ్లు కుదిర్చి కలిపిన పొడి మోర్టార్ అందులో ఉంటుంది. అడుగునున్న మిక్సర్ స్విచ్ నొక్కితే చాలు, నీళ్లు కలిసి మాలు బయటికొస్తుంది.

22 ఘనపు మీటర్ల సైలో నిండితే బరువు 30 టన్నులు దాటుతుంది! అందుకే ముందుగా నేల చదును చేసి, బాగా దిమ్మిస కొట్టి, కాళ్ల కింద మందపాటి దుంగలు పరుస్తారు. పునాది గోతి అంచున, కొత్తగా మట్టి పూడ్చినచోట సైలోను అసలు నిలపకూడదు. వానకు ఆ మట్టి కుంగి ఒక్క కాలు దిగినా మొత్తం ఒరిగిపోవచ్చు, కింద మనుషులుంటారు.

పైన కరెంటు తీగలు ఉండకూడదు. లారీకి దారి, 400 వోల్టుల త్రీఫేజ్ కరెంటు, సన్నగిలని నీటి ధార కావాలి. ధార తగ్గితే మాలు పదును తప్పుతుంది.