పెట్రోలు హెచ్చరిక దీపం

పాత మోటారు సైకిలు నడిపేవారికి దారి మధ్యలో పెట్రోలు అయిపోవడం కొత్త సంగతి కాదు. మండుటెండలో బండిని బంకు దాకా తోసుకుపోవడం ఎంత కష్టమో తోసినవారికే తెలుస్తుంది. ఆ కష్టం రాకుండా చాలా బండ్లలో స్పీడు మీటరు దగ్గర ఒక చిన్న దీపం అమర్చారు. ట్యాంకులో పెట్రోలు తగ్గితే అది వెలుగుతుంది. కాని బండి పాతబడిన తరువాత ట్యాంకు నిండుగా ఉన్నా దీపం వెలుగుతూనే ఉండవచ్చు, అడుగంటినా వెలగకపోవచ్చు.

ఈ దీపం లేని బండ్లలో మరొక ఉపాయం ఉండేది. ట్యాంకు అడుగున ఉండే పెట్రోలు ట్యాపులో ఒక పొడుగు గొట్టం, ఒక పొట్టి గొట్టం ఉంటాయి. మామూలుగా పెట్రోలు పొడుగు గొట్టం గుండా ఇంజనుకు పోతుంది. పెట్రోలు మట్టం దాని కొన కంటే కిందికి దిగగానే ఇంజను తడబడుతుంది. అప్పుడు నడిపేవాడు ట్యాపును రిజర్వు వైపు తిప్పితే, అడుగున మిగిలిన పెట్రోలు పొట్టి గొట్టం గుండా వస్తుంది. "బండి రిజర్వులో పడింది" అనే మాట ఇలా వచ్చిందే. ఇందులో చెడిపోవడానికి వైరూ లేదు, బల్బూ లేదు. పెట్రోలు నింపిన తరువాత ట్యాపును మళ్ళీ వెనక్కి తిప్పడం మరచిపోతే మాత్రం ఈ ఉపాయమూ పనికిరాదు.

దీపం పద్ధతి వేరు. చాలా పాత బండ్లలో ట్యాంకు అడుగు భాగాన థర్మిస్టరు అనే చిన్న పరికరం ఉంటుంది. వేడెక్కిన కొద్దీ దీని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. మామూలు లోహపు తీగలో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. సిల్వర్ సల్ఫైడు అనే పదార్థంలో ఈ వింత గుణాన్ని మైఖేల్ ఫారడే 1833లోనే గమనించాడు.

థర్మిస్టరు పెట్రోలులో మునిగి ఉన్నంతసేపు పెట్రోలు దాని వేడిని లాగేసుకుంటుంది. అది చల్లగా ఉంటుంది, నిరోధం ఎక్కువగా ఉంటుంది. ఆ నిరోధం 1000 ఓములు అనుకుంటే, 12 వోల్టుల బ్యాటరీ నుంచి పోయే విద్యుత్తు 12 మిల్లీ ఆంపియర్లకు మించదు. 3 వాట్ల బల్బు పూర్తిగా వెలగడానికి 250 మిల్లీ ఆంపియర్లు కావాలి. కనుక దీపం వెలగదు. పెట్రోలు తగ్గి థర్మిస్టరు గాలిలోకి తేలితే, తనలో పారే విద్యుత్తు వల్లనే అది వేడెక్కుతుంది. నిరోధం పడిపోతుంది, దీపం వెలుగుతుంది. వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, తాళం తిప్పగానే వెలగలేదని దీపాన్ని తప్పుపట్టకూడదు.

అంటే దీపానికి పెట్రోలు సంగతి తెలియదు. దానికి తెలిసింది విద్యుత్తు ఒక్కటే. ట్యాంకు కింద వైరు పైపొర అరిగి, రాగి తీగ బండి చట్రానికి తగిలితే విద్యుత్తు థర్మిస్టరు దాకా పోకుండా అడ్డదారిన తిరిగి వస్తుంది. అప్పుడు నిండు ట్యాంకుతో కూడా దీపం వెలుగుతుంది. చిరాకుపడి కొందరు దానిమీద నల్లటేపు అంటిస్తారు. అది కళ్ళకు మందు వేయకుండా గంతలు కట్టడం వంటిది. బల్బు మాడినా, వైరు తెగినా, కనెక్టరుకు చిలుము పట్టినా దీపం అసలే వెలగదు. రెండింటిలో ఇదే ఎక్కువ ప్రమాదం. వెలగని దీపాన్ని చూసి పెట్రోలు ఉందనుకుంటారు గదా!

లోపం ఎక్కడుందో తెలుసుకోవడం కష్టం కాదు. దీపం ఆరకుండా వెలుగుతుంటే, తాళం ఆపి థర్మిస్టరు కనెక్టరును ఊడదీసి, మళ్ళీ తాళం తిప్పాలి. దీపం ఆరితే లోపం థర్మిస్టరులో ఉంది. ఇంకా వెలుగుతుంటే వైరు ఎక్కడో చట్రానికి తగులుతున్నది. దీపం అసలే వెలగకపోతే, కనెక్టరు ఊడదీసి, దీపం వైపు వైరును చట్రానికి గట్టిగా కలిపి, ఆ తరువాతే తాళం తిప్పాలి. ఇప్పుడు వెలిగితే బల్బు, వైరు బాగున్నట్లే. తాళం ఆపి ఉంచి కలపమనడానికి కారణం ఉంది. విద్యుత్తు పారుతుండగా తీగలు కలిపితే నిప్పురవ్వ లేవవచ్చు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, కిందనే పేరుకుని ఉంటుంది. అందుకే ఈ పని ట్యాంకు మూత బిగించి, ఆరుబయట, పెద్దవాళ్ళు చేయవలసినది. ఎలక్ట్రానిక్ మీటరు ఉన్న బండ్లలో వైరును ఇలా చట్రానికి కలపకూడదు. మీటరే పాడు కావచ్చు.

మరమ్మతు అయ్యేదాకా కిలోమీటర్ల లెక్కే దిక్కు. లీటరుకు 40 కిలోమీటర్లు ఇచ్చే బండిలో 12 లీటర్లు పడితే 480 కిలోమీటర్లు నడవాలి. రద్దీ, గుంతల దారి దృష్టిలో పెట్టుకుని 350 దగ్గరే బంకు చూసుకోవడం మేలు. మరమ్మతు తరువాత దీపాన్ని పరీక్షించడానికీ ఇదే లెక్క పనికివస్తుంది. దీపం వెలిగి ఆరకుండా నిలిచినప్పుడు బంకులో ట్యాంకు నింపించాలి. 10 లీటర్లు పడితే, దీపం వెలిగేసరికి ఇంకా 2 లీటర్లు మిగిలి ఉన్నాయన్నమాట. అంటే ఆ బండి మరో 80 కిలోమీటర్లు పోగలదు.