పుస్తకాల అరలో ఒక ఖాళీ

చుట్టూ రాతిక్వారీలు గల లక్డారంలో, బడి పిల్లలకు అమెరికా నల్లజాతి సాహిత్యాన్ని గూర్చి చెప్పబోతే, "మనకెందుకు సార్?" అని వారు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే.

జవాబు మన దగ్గరనే ఉన్నది. వికారాబాదు జిల్లా పెద్దేముల్‌కు చెందిన గోగు శ్యామలగారు ‘నల్లపొద్దు’ అనే సంకలనం కూర్చినారు. 1921 మొదలు 2002 వరకు దళిత స్త్రీలు వ్రాసినవి అందులో ఉన్నవి. దళిత సాహిత్యమంటే పురుషులదనీ, స్త్రీల సాహిత్యమంటే పై కులాలవారిదనీ లోకం తలచుచుండగా, ఆ రెండింటి నడుమ జారిపోయిన గొంతులను ఆ గ్రంథం ఒకచోట చేర్చినది. ఇంచుమించు ఇట్టి అవస్థయే అమెరికాలో స్వలింగానురాగులైన నల్లజాతి రచయితలకు కలిగినది. అట్టి ప్రేమ నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినది గనుక, ఈ కథ తరగతిలో చెప్పడానికి ఉపాధ్యాయులు సంకోచింపనక్కరలేదు.

వీరిలో జగత్ప్రసిద్ధుడు జేమ్స్ బాల్డ్విన్ (1924-1987). ఇద్దరు పురుషుల ప్రేమను గూర్చి అతడు వ్రాసిన ‘జియోవన్నీస్ రూమ్’ నవలను, అతని తొలి నవల అచ్చువేసిన సంస్థయే కాదన్నది. నల్లవారి రచయితగా సంపాదించిన పాఠకులను పోగొట్టుకొంటావని హెచ్చరించినది. వేరొకరు 1956లో దానిని ప్రకటించినారు. అందులోని ముఖ్యపాత్రలు తెల్లవారే. జాతి భారాన్నీ, ఈ ప్రేమ భారాన్నీ ఒకే నవలలో మోయడం అప్పట్లో తనకు శక్యం కాలేదని బాల్డ్విన్ తరువాత చెప్పుకొన్నాడు.

ఉద్యమకారుల గతి కూడ అంతే. గాంధేయ మార్గం తెలుసుకొనడానికి 1948లో మన దేశానికి వచ్చిన బెయార్డ్ రస్టిన్, 1963 నాటి వాషింగ్టన్ మహాప్రదర్శనకు నిర్వాహకుడు. శత్రువులు ఈ సంగతి కూడ చూపి అతనిని దూషించినారు. మిత్రులు ఇదే సంగతికి వెరచి అతనిని తెరవెనుక ఉంచినారు.

బాల్డ్విన్ నవల పేరు ఫిలడెల్ఫియాలో ఒక పుస్తకాల దుకాణానికి పెట్టినారు. 1980 దశకంలో జోసెఫ్ బీమ్ అనే నల్లజాతి యువకుడు అక్కడ కొలువు చేసినాడు. దుకాణం నిండా స్వలింగానురాగుల పుస్తకాలే. తనబోటి నల్లవారు వ్రాసినవి మాత్రం దాదాపు శూన్యం. పంక్తిలో కూర్చున్నాడు గాని విస్తరి రాలేదన్నమాట! ఉత్తరాలు వ్రాసి, రచనలు రప్పించి, 1986లో ‘ఇన్ ద లైఫ్’ సంకలనం వెలువరించినాడు. రెండవ సంకలనం తలపెట్టి, అది పూర్తికాకుండానే 1988 డిసెంబరులో ఎయిడ్స్ వ్యాధితో మరణించినాడు. ముప్పదినాలుగేండ్లు నిండుటకు ఇంక మూడే దినములు.

కుమారుని పని ఆగిపోవుటకు తల్లి డొరతీ బీమ్ ఒప్పుకొనలేదు. అతని మిత్రుడు, కవి ఎసెక్స్ హెంఫిల్ ఆమె ఇంటికి వచ్చి ఉండి, ఆ కాగితాలు ముందు పెట్టుకొని పని సాగించినాడు. 1991లో ‘బ్రదర్ టు బ్రదర్’ వెలువడినది. నాలుగేండ్లకు హెంఫిల్ కూడ అదే వ్యాధికి బలియైనాడు.

రెండు గ్రంథాలూ కొంతకాలం అలభ్యములైనవి. 2007, 2008లలో రెడ్‌బోన్ ప్రెస్ అనే చిన్న సంస్థ వాటిని మరల అచ్చువేసినది. బీమ్ కాగితాలు హార్లెంలోని షోంబర్గ్ కేంద్రంలో భద్రంగా ఉన్నవి. బాల్డ్విన్ పుట్టిన పేట అదే.