రొమ్ము క్యాన్సరునకు గుఱిమందు: గుండెను కనిపెట్టి యుండవలసిన విధము

వరిచేలలో వెడల్పాకు కలుపును చంపి వరిని విడిచిపెట్టు 2,4-డి యను మందును మన సభ్యులలో పలువు రెఱుగుదురు. గాలికి ఆ తుంపరలు ప్రక్కచేని ప్రత్తిపై పడినచో ఆకులు ముడుచుకొని పైరు చెడును. మందు గుఱి తప్పినదని కాదు. ఆ మందునకు లొంగు గుణము ప్రత్తికిని గలదు.

రొమ్ము క్యాన్సరునకు ఇచ్చు ట్రాస్టుజుమాబ్ అను మందు సంగతియు నిట్టిదే. ఈ వ్యాధి గల స్త్రీలలో నూటికి 15 మొదలు 20 మందికి కణితి కణములపై హెర్ 2 అను మాంసకృత్తు మితిమీఱి యుండి, వానిని పెరుగుమని తొందరపెట్టుచుండును. 1998 లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు ఆ హెర్ 2 ను పట్టి బంధించును. కణితి ముక్కను పరీక్షించి, హెర్ 2 అధికమని తేలినవారికే దీనిని ఇత్తురు. సాధారణముగా మూడు వారముల కొకమాఱు చొప్పున, తొలిదశ వ్యాధికి ఒక సంవత్సరము సాగును. మొదటిసారి ఎక్కించునపుడు చలి, జ్వరము రావచ్చును. అందుచేతనే ఆనాడు ఎక్కువసేపు ఆసుపత్రిలో నుంచెదరు. జుట్టు రాలుట చాలవఱకు తోడుగా నిచ్చు ఇతర మందుల పని.

అసలు జాగ్రత్త గుండెను గూర్చినది. గుండె కండరము తన బడలికను తీర్చుకొనుటకును హెర్ 2 కావలెను. డాక్సోరుబిసిన్ అను ఎఱ్ఱమందు ముందుగా పుచ్చుకొన్నవారికి ఈ భయ మధికము. కావుననే చికిత్సకు పూర్వమును, పిమ్మట మూడేసి నెలలకును ఎకో పరీక్ష చేయుదురు. గుండె కొట్టుకొనునపుడెల్ల తనలోని రక్తములో నూటికి ఎంతపాలు వెలికి త్రోయుచున్నదో అది తెలుపును. సాధారణముగా 55 మొదలు 70 వఱకు ఉండును. మొదటి లెక్కకంటె 16 పాళ్లు తగ్గినను, సాధారణ మితికి దిగువకు వచ్చి 10 పాళ్లు తగ్గినను, కనీసము నాలుగు వారములు మందు నాపుదురు.

నే నెఱిగిన యొక సభ్యుని యింట ఇట్లే జరిగినది. ఎకో దినము నాట్ల నడుమ పడినది. “నాట్లు తేలిన పిదప పోవుదము లెండి” అని ఆ యిల్లాలు భర్తతో ననినది. పాదములు వాచినవి, బురదలో నిలిచినందున ననుకొనిరి. రాత్రులు పండుకొన్న ఊపిరాడక గోడకు చేరగిలి కూర్చుండెడిది. ఆ మాట నెవరికిని చెప్పలేదు. తుదకు ఎకో చూడగా 62 ఉండినది 44 కు దిగినది. మందు నాపి, గుండెకు మందు లిచ్చిరి. కొన్ని వారములకు 55 కు చేరగా చికిత్స తిరిగి సాగినది. ఈ చెఱుపు చాలమందికి మరలునదే. కాని వేళకు పట్టుకొనవలెను. కూలివారు దొరకనినాడు మనమే ఆడువారి ప్రయాణమును వాయిదా వేయింతుము. ఈ విషయమున తప్పు మగవారిదే యని నా తలంపు.

పాదముల వాపు, ఆయాసము, పొడిదగ్గు, రెండు మూడు దినములలో బరువు పెరుగుట కన్పడినచో, ఎకో గడువు రాకున్నను వైద్యునికి తెలుపవలెను. చికిత్సాకాలమునను, అది ముగిసిన 7 నెలల వఱకును గర్భము రాకుండ చూచుకొనవలెను, శిశువునకు హాని. ముగిసిన పిదపను రెండేండ్ల వఱకైనను ఆఱేసి నెలలకు ఎకో తీయించుట కలదు. ప్రతి ఎకో కాగితమును పట్టాదారు పుస్తకమువలె భద్రపఱచి, వెళ్లినపుడెల్ల తీసికొనిపోవలయును. మొదటి లెక్క తెలియనిచో ఎంత తగ్గినదో వైద్యు డెట్లు చెప్పగలడు?