మధుమేహపు పిల్లికి చక్కెర పడిపోయినచో

తీపి తగదని చెప్పవలసిన రోగికి తేనె నాకింపవలసిన గడియ యొకటి కలదు. మధుమేహముగల పిల్లిని పెంచుచున్న యింట ఆ గడియ ఏ రాత్రియైనను రావచ్చును. పశువైద్యుని చేరులోపల ఇంటివారు చేయవలసిన పనిని గురించి నేడు ముచ్చటింపదలచితిమి.

మనుష్యులకువలెనే పిల్లులకును మధుమేహము వచ్చును. బరువెక్కి, కదలక పడియుండు నడివయసు పిల్లులకు హెచ్చుగా వచ్చును. వానిలో పెక్కింటికి వైద్యులు పండ్రెండు గంటల కొకమారు ఇన్సులిన్ సూది వేయుమందురు. 1921లో టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను పరిశోధకులు వెలికితీసిన ఆ మందు ఎందరి ప్రాణములనో నిలిపినది. కాని మోతాదు మీరినచో అదియే రక్తమందలి చక్కెరను ఉండవలసిన మట్టమునకు దిగువకు లాగివేయును. మెదడునకు ముఖ్యాహారము ఆ చక్కెరయే. అందుచే చక్కెర కొంత హెచ్చియుండుట కంటె, మితిమీరి తగ్గుట తక్షణాపాయము.

ఇట్లేల తగ్గును? కారణములు చాలవరకు ఇంటిలోనివే. సూది పడిన పిదప పిల్లి తినకపోవుట, తిన్నది కక్కుట మొదటిది. రెండవది పొరపాటున మందు రెండుమారులు పడుట. తల్లి ఆరుగంటలకు సూది వేసి వంటయింటికి పోవును. ఆ సంగతి తెలియని కుమారుడు ఏడుగంటలకు మరల వేయును. మూడవది సిరంజి తెచ్చు ముప్పు. మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండును అమ్ముదురు. 40కి గీతలు గీచిన సిరంజితో 100 యూనిట్ల మందును తీసినచో, రెండున్నర రెట్లు లోనికి పోవును. సీసామీది అంకె, సిరంజిమీది అంకె ఒకటియే కావలెను. నాలుగవది ఒక విధముగ శుభవార్త. చికిత్స త్వరగా మొదలై, తగిన తిండి దొరకినచో కొన్ని పిల్లులకు జబ్బు అణగి, ఇన్సులిన్ అక్కరయే తీరును. అప్పుడు నిన్నటి మోతాదు నేడు అధికమగును.

ఇక గుర్తులు. పిల్లి నీరసించును, తూలుచు నడచును, వణకును, కొన్ని ఆకలితో అరచును, కొన్ని మూల చేరి శూన్యముగ చూచుచుండును. ముదిరినచో మూర్ఛ వచ్చి స్పృహ తప్పును. ఇంట మీటరున్నచో చెవి అంచున ఒక చుక్క రక్తము తీసి చూడవచ్చును. డెసిలీటరునకు సుమారు 60 మిల్లీగ్రాములకు తగ్గినచో అపాయమని యెంచవలెను. మనుష్యుల మీటరు పిల్లికి కొంత తక్కువ చూపుట కద్దు. అయినను గుర్తులు కనబడుచుండగా మీటరుకై వెదకుచు కాలము పుచ్చరాదు.

పిల్లి తెలివిగానుండి మ్రింగగలిగినచో వెంటనే తిండి పెట్టవలెను. తినకున్నను, తూలుచున్నను, చెంచాడు తేనెనో, చిక్కగా కలిపిన గ్లూకోజు నీటినో కొద్దికొద్దిగా చిగుళ్లకు రాయవలెను. తేరుకొనగానే మామూలు తిండి పెట్టవలెను. తేనె బలము కొంతసేపే నిలుచును, ఇన్సులిన్ పని గంటల తరబడి సాగును. కావున కాచుకొని యుండి, వైద్యునితో మాటలాడక తరువాతి సూది వేయరాదు.

స్పృహ లేని పిల్లి నోట ఏదియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. చిగుళ్లపై మాత్రమే పలుచగా రాసి, ఆ క్షణమే వైద్యశాలకు కొనిపోవలెను. మూర్ఛలోనున్న పిల్లి ఎరుగకయే కరచును. పండ్ల నడుమ వ్రేలు పెట్టరాదు.

సూది పడినదో లేదో యను సందేహము కలిగినచో మరల వేయకుడు. ఒక పూట తప్పుటవలన వచ్చు నష్టము కంటె రెండుమారులు వేయుటవలన వచ్చు కీడు మిక్కిలి పెద్దది. గోడమీది క్యాలెండరు ప్రక్క ఒక పెన్సిలు వ్రేలాడదీసి, సూది వేసినవారు వెంటనే గుర్తు పెట్టవలెను. దానిక్రిందనే తేనె సీసా, వైద్యుని టెలిఫోను అంకె ఉండవలెను. నోరులేని ప్రాణి తన బాధను చెప్పుకొనజాలదు. ఆ గోడమీది గుర్తు దాని పక్షమున మాటలాడును.