మూడో దారి ఎందుకింత ఇరుకు?

కిరణ్ మజుందార్ షా గురించి రాసేవాళ్లు ఎక్కువగా కారు షెడ్డుతో మొదలుపెడతారు. 1978లో బెంగళూరులో ఒక అద్దె ఇంటి షెడ్డులో, పదివేల రూపాయల పెట్టుబడితో బయోకాన్ పుట్టింది. 2004లో షేరు మార్కెట్లో అడుగుపెట్టిన రోజే ఆ కంపెనీ విలువ వంద కోట్ల డాలర్లు దాటింది. ఈ రెండు వాక్యాల మధ్య ‘పట్టుదల’ అన్న మాట ఇరికిస్తే చాలు, మహిళా దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక పేజీ సిద్ధం. కథ అబద్ధమేమీ కాదు. కానీ షెడ్డుకు ముందు ఏం జరిగిందో, షెడ్డు చుట్టూ ఏ చట్టాలు పనిచేశాయో చూస్తే ఆ కథ వేరే సంగతి చెబుతుంది. సైన్సు, బయోటెక్నాలజీ, ఐటీ రంగాల్లో పై కుర్చీ దాకా వెళ్లిన ఆడవాళ్లు ఎందుకు తక్కువమంది అన్న ప్రశ్నకు జవాబు వాళ్ల గుండెధైర్యంలో దొరకదు. వాళ్లకు ఏ దారి తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్న చోట వెతకాలి.

ఆమె నిజానికి కంపెనీ పెట్టాలనుకోలేదు, ఉద్యోగం చేయాలనుకున్నారు. తండ్రి రసేంద్ర మజుందార్ యునైటెడ్ బ్రూవరీస్‌లో ప్రధాన బ్రూమాస్టర్, అంటే బీరు తయారీ నిపుణుడు. కూతురు ఆస్ట్రేలియాలోని బల్లారట్‌లో అదే విద్య నేర్చుకున్నారు. ఆ కోర్సులో ఆమె ఒక్కరే అమ్మాయి. 1975లో చేతిలో డిగ్రీతో తిరిగొస్తే కలకత్తాలోనూ బరోడాలోనూ కొన్నాళ్లు శిక్షణ, సలహాదారు పనులు దొరికాయి తప్ప బ్రూమాస్టర్ కొలువు మాత్రం దొరకలేదు. అది మగవాళ్ల పని అన్నారు. అదే సమయంలో ఐర్లండ్‌లోని బయోకాన్ బయోకెమికల్స్ యజమాని లెస్లీ ఆకిన్‌క్లాస్ ఇండియాలో భాగస్వామి కోసం వెతుకుతున్నారు. బొప్పాయి పాల నుంచి పపైన్ ఎంజైము, చేపల గాలితిత్తి నుంచి బీరును తేటపరిచే ఐసింగ్లాస్ తీసి పంపడం పని. ఆనాటి నిబంధనల ప్రకారం ఇక్కడి కంపెనీలో విదేశీ వాటా 30 శాతం దాటకూడదు. మిగతా 70 శాతం ఆమె పేరు మీదకు వచ్చింది. విదేశీ పెట్టుబడికి కళ్లెం వేయడానికి చేసిన ఆ ఏర్పాటుకు ఆడవాళ్ల ఊసే పట్టదు. అయినా పాతికేళ్ల అమ్మాయిని యజమానిగా నిలబెట్టింది అదే. ఏ కంపెనీ అయినా ఆమెకు కొలువిచ్చి ఉంటే బహుశా ఒక మంచి బ్రూమాస్టర్‌గా రిటైరయ్యేవారు. యజమాని అయ్యాక కూడా బ్యాంకులు తండ్రి హామీ అడిగాయి. ఆడమనిషి కింద పనిచేయడానికి ఇష్టపడక కొందరు ఉద్యోగానికే రాలేదు. ఈ సంగతులన్నీ ఆమే ఎన్నోసార్లు చెప్పారు. తర్వాత 1998లో విదేశీ వాటాను తిరిగి కొనుక్కునేటప్పుడు డబ్బు సమకూర్చింది భర్త జాన్ షా.

ఇదంతా ఆమె గొప్పను తగ్గించడానికి కాదు. పిచియా అనే ఈస్టు నుంచి ఇన్సులిన్ తయారుచేయడం, రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్‌కు బయోసిమిలర్ తెచ్చి, మైలాన్‌తో కలిసి 2017లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందడం అదృష్టం మీద ఆధారపడి జరిగే పనులు కావు. కాకపోతే ఆమె జీవితం నుంచి ‘కష్టపడితే ఎవరైనా ఎదగొచ్చు’ అన్న పాఠం తీస్తే లెక్క తప్పుతుంది. ఆమె ఎదిగింది సొంతంగా కంపెనీ పెట్టుకుని. మన దేశంలో ఈ రంగాల్లో పై కుర్చీకి స్త్రీలు ప్రధానంగా మూడు దారుల్లో చేరారు. సొంతంగా, లేదా భర్తతో కలిసి సంస్థ కట్టుకోవడం మొదటిది. కుటుంబ సంస్థ పగ్గాలు అందుకోవడం రెండోది. మామూలు ఉద్యోగిగా చేరి, మెట్టుమెట్టు ఎక్కి, యజమాని బంధువు కాకుండానే అధిపతి కావడం మూడోది. చదువుకున్న లక్షలమంది అమ్మాయిలకు నిజంగా అందుబాటులో ఉండాల్సింది ఆ మూడోదే. అదే అన్నిటికంటే ఇరుకు.

మన హైదరాబాద్‌నే తీసుకోండి. భారత్ బయోటెక్‌ను 1996లో కృష్ణ ఎల్లాతో కలిసి స్థాపించినవారు సుచిత్ర ఎల్లా. కొవిడ్ కాలంలో కార్బెవాక్స్ టీకా తయారుచేసిన బయోలాజికల్-ఇ సంస్థను నడుపుతున్న మహిమ దాట్ల ఆ కుటుంబంలో మూడో తరం. ముంబయి వైపు చూస్తే లుపిన్ సీఈఓ వినీతా గుప్తా వ్యవస్థాపకుడి కూతురు. ఐటీలో 2020లో హెచ్‌సీఎల్ టెక్నాలజీస్ ఛైర్‌పర్సన్ అయి, దేశంలో లిస్టెడ్ ఐటీ కంపెనీకి అధ్యక్షత వహించిన తొలి మహిళగా పేరొందిన రోష్ని నాడార్ మల్హోత్రా శివ్ నాడార్ కూతురు. వారసత్వమే కదా అని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. మగ వారసుల విషయంలో ఎవరూ ఆ మాట అనరు. పైగా కోట్ల డోసుల టీకా తయారీని వారసత్వపు కాగితం నడపదు. వీళ్ల పనితీరు ఒక విషయాన్ని అనుమానం లేకుండా తేల్చింది: అవకాశం దొరికితే సామర్థ్యానికి కొదవ లేదు. అయితే యజమాని ఇంట పుట్టిన అమ్మాయికి మాత్రమే ఆ అవకాశం దొరుకుతుంటే, బయట పుట్టిన సమర్థురాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారని అడగక తప్పదు. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో, హెచ్‌సీఎల్, టెక్ మహీంద్రా, ఈ ఐదింటిలో ఒక్కదానికీ నేటిదాకా మహిళా సీఈఓ రాలేదు. ఐటీ ఉద్యోగుల్లో మూడో వంతుకు పైగా స్త్రీలే ఉన్న దేశంలో! అదే ఇంటెల్, ఐబీఎం, హెచ్‌పీ, క్యాప్‌జెమినీ వంటి విదేశీ సంస్థల ఇండియా విభాగాలకు నివృతి రాయ్, వనితా నారాయణన్, నీలం ధావన్, అరుణా జయంతి సారథ్యం వహించారు. వాళ్లూ ఈ నేల మీద, ఈ ఉద్యోగుల మధ్యనే పనిచేశారు. కనుక లోటు ఆడవాళ్లలో ఉందనడానికి వీల్లేదు.

మూడో దారిలో చాలా పైదాకా వెళ్లిన తెలుగు అమ్మాయి ఎవరంటే విజయవాడలో పుట్టిన పద్మశ్రీ వారియర్ గుర్తొస్తారు. ఢిల్లీ ఐఐటీలో కెమికల్ ఇంజినీరింగ్, అమెరికాలోని కార్నెల్‌లో పైచదువు, 1984లో మోటరోలా కంపెనీ చిప్‌ల తయారీ ప్లాంటులో ఉద్యోగం. 2003లో అదే కంపెనీకి ముఖ్య సాంకేతికాధికారి అయ్యారు, 2007లో సిస్కోకు అదే హోదాలో వెళ్లారు. ఆమె మొదలుపెట్టింది ప్లాంటులో అన్న సంగతి మరిచిపోకూడదు; దాని అవసరం ముందు వస్తుంది. అలాగని అమెరికా ధర్మక్షేత్రమేమీ కాదు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకు పునాది వేసిన కాటలిన్ కరికోను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1995లో కింది హోదాకు దించింది. 2023లో ఆమెకు నోబెల్ వచ్చింది.

‘ఆడవాళ్లే మధ్యలో మానేస్తే సంస్థలు మాత్రం ఏం చేస్తాయి?’ అన్నది ఎప్పుడూ వినిపించే అభ్యంతరం. మానేస్తున్న మాట నిజమే. 2020-21 ఉన్నత విద్య సర్వే ప్రకారం సైన్సు చదువుతున్న 57.2 లక్షలమందిలో 29.5 లక్షలమంది అమ్మాయిలే. 2018 నాటి లెక్కలో పరిశోధన రంగంలో నేరుగా పనిచేసేవాళ్లలో స్త్రీలు 16.6 శాతం. మధ్యలో అంతమంది ఏమయ్యారు? ఇల్లు, పిల్లలు అని అందరూ సులువుగా చెప్పేస్తారు. భారతీయ సైన్సు అకాడమీ, బెంగళూరు ఎన్‌ఐఏఎస్ తరఫున అనితా కురుప్, రోహిణి గోడ్బోలే తదితరులు 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ జవాబును ప్రశ్నించింది. పీహెచ్‌డీ చేసి సైన్సు వదిలేసిన స్త్రీలలో ఎక్కువమంది చెప్పిన కారణం సంసారం కాదు, తగిన ఉద్యోగం దొరకకపోవడం. పరిశోధనలో కొనసాగుతున్న స్త్రీలలో 14 శాతం అసలు పెళ్లే చేసుకోలేదు. మగ శాస్త్రవేత్తల్లో అలాంటివారు 2.5 శాతం. ఇంటిని వదులుకున్నవాళ్లు ఉన్నారు, ఉద్యోగం దొరకక ఇంట్లో ఉండిపోయినవాళ్లు ఉన్నారు. రెంటినీ కలిపేసి ‘ఆమె ఇష్టం’ అంటే ఎలా?

ఇష్టాయిష్టాల కంటే ముందు చట్టం సంగతి చూడాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం స్త్రీలు ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే ఫ్యాక్టరీలో పనిచేయాల్సి ఉండేది. రాష్ట్రాలు వేళలు సడలించినా రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 5 వరకు మాత్రం కుదిరేది కాదు. ఉద్దేశం రక్షణే కావచ్చు. జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడ, అచ్యుతాపురం లాంటి చోట్ల మందుల ఫ్యాక్టరీలు మూడు షిఫ్టుల్లో నడుస్తాయి. రియాక్టరుకు పగలూ రాత్రీ తేడా ఉండదు. రాత్రి షిఫ్టు చేయనివాళ్లను ప్రొడక్షన్‌లోకి తీసుకోరు, ప్రొడక్షన్ తెలియనివాళ్లను ప్లాంట్ హెడ్‌ను చేయరు, ప్లాంటు నడపనివాళ్లకు కంపెనీ పగ్గాలు అప్పగించడానికి బోర్డు జంకుతుంది. అందుకే ఎంఎస్సీ చేసిన అమ్మాయిలు క్యూసీ ల్యాబుల్లో, ఆర్ అండ్ డీలో, రెగ్యులేటరీ విభాగంలో బారులు తీరి కనిపిస్తారు. మంచి ఉద్యోగాలే, కానీ పై అంతస్తుకు మెట్లు అక్కడి నుంచి లేవు. మద్రాసు హైకోర్టు 2000లోనే ఆ నిషేధం చెల్లదంది. దేశవ్యాప్తంగా స్త్రీల సమ్మతితో, భద్రతా ఏర్పాట్లతో రాత్రి పనికి వీలు కల్పించిన 2020 నాటి కార్మిక కోడ్ 2025 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. ఏడు దశాబ్దాల పాటు మూసిన దారి కాగితం మీద తెరుచుకున్నంత మాత్రాన ప్లాంటు గేటు దగ్గర అర్ధరాత్రి బస్సు రాదు.

ఇక్కడ ఎవరైనా అడ్డు తగలొచ్చు: ఐటీకి ఫ్యాక్టరీల చట్టం వర్తించలేదు, రాత్రి పనికి రాష్ట్రాలు మినహాయింపులూ ఇచ్చాయి, మరి అక్కడా సీఈఓలు లేరేం? సరైన ప్రశ్నే. రాత్రి షిఫ్టు ఒక్కటే కారణమైతే ఐటీ వేరేగా ఉండాలి. అక్కడ ఇంకో రూపంలో అదే పని జరుగుతుంది. పై మెట్టుకు అర్హత తెచ్చే అనుభవం ఆన్‌సైట్‌లో, పెద్ద క్లయింటు ఖాతాల్లో, అమ్మకాల్లో దొరుకుతుంది. ఆ అవకాశాలు వచ్చే వయసు సరిగ్గా ముప్ఫై చుట్టూ, అంటే పిల్లలు పుట్టే వయసు. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచారు, మంచి పనే. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న చిన్న జీతాలవారికి ఆ ఖర్చు ఈఎస్‌ఐ భరిస్తుంది. అంతకంటే ఎక్కువ జీతం వచ్చే ఇంజినీరు, శాస్త్రవేత్తల విషయంలో మొత్తం భారం యజమానిదే. అలా ఒక్క యజమాని మీదే వేయొద్దని, సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో భరించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చెబుతుంది. మన చట్టం ఆ మాట వినలేదు. ఇంటర్వ్యూ గదిలో నోటితో అడగని ప్రశ్న ఒకటి అక్కడే తయారవుతుంది. తండ్రికి చెప్పుకోదగ్గ సెలవు లేకపోవడం దానికి తోడు.

ప్రభుత్వ సైన్సు సంస్థల్లో నియమాలు కాస్త మెరుగు. కేంద్ర ఉద్యోగినులకు 2008 నుంచి 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది, పదోన్నతికి రాతపూర్వక పద్ధతి ఉంది. హైదరాబాద్‌లోని క్షిపణి ప్రయోగశాల ఏఎస్‌ఎల్‌లో పనిచేసి అగ్ని-4 క్షిపణి ప్రాజెక్టును నడిపిన టెస్సీ థామస్, తమిళ మాధ్యమంలో చదివి, కారైకుడి ల్యాబులో కింది స్థాయి నుంచి ఎదిగి 2022లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) డైరెక్టర్ జనరల్ అయిన ఎన్. కలైసెల్వి నిఖార్సైన మూడో దారి మనుషులు. అయితే 1942లో పుట్టిన సీఎస్‌ఐఆర్‌కు తొలి మహిళా అధిపతి రావడానికి ఎనభై ఏళ్లు పట్టింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి పుష్ప భార్గవ నుంచి 2021లో వచ్చిన వినయ్ నందికూరి దాకా పూర్తికాల డైరెక్టర్లందరూ మగవాళ్లే. 1986లో ఏర్పడిన బయోటెక్నాలజీ శాఖకు మాత్రం 1990ల్లోనే మంజు శర్మ కార్యదర్శి అయ్యారు. తర్వాత రేణు స్వరూప్ వచ్చారు. కొత్త శాఖలో పాత సీనియారిటీ వరస లేకపోవడం కలిసొచ్చిందనిపిస్తుంది. బయోకాన్ కథ కూడా అలాంటిదే: 1978లో ఈ దేశంలో బయోటెక్ పరిశ్రమ అన్నదే లేదు, కాబట్టి దాన్ని మగవాళ్ల పని అనడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

‘మరి కోటా పెడితే ప్రతిభ దెబ్బతినదా?’ అన్నది చివరి వాదన. కోటా మన దగ్గర ఇప్పటికే ఉంది, దాని అనుభవమూ ఉంది. 2013 కంపెనీల చట్టం కొన్ని రకాల కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక మహిళ ఉండాలంది. చాలా చోట్ల ఆ కుర్చీలో యజమాని భార్యో కూతురో కూర్చున్నారు. దాంతో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2019లో మొదటి 500 కంపెనీలకు, 2020లో మొదటి వెయ్యి కంపెనీలకు స్వతంత్ర మహిళా డైరెక్టర్ తప్పనిసరి చేసింది. ప్రతిభకు కోటా చేటు చేస్తుందని భయపడ్డారు గానీ, కోటానే బంధుప్రీతి మింగేసింది. బోర్డులో ఒక కుర్చీ వేయడం తేలిక. ఏడాదికి నాలుగైదు సమావేశాలకు వచ్చే డైరెక్టర్‌కు ప్లాంటు నడిపే అధికారం ఉండదు. కోటా పెట్టదలిస్తే పెట్టాల్సింది బోర్డులో కాదు. ప్రొడక్షన్ శిక్షణకు, ఆన్‌సైట్ అవకాశాలకు, లాభనష్టాల బాధ్యత ఉన్న విభాగాలకు మనుషులను ఎంచే చోట.

దీన్ని కొలవడం అసాధ్యమేమీ కాదు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి తమ వార్షిక నివేదికతో పాటు బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) అనే పత్రం ఇవ్వాలి. ఉద్యోగుల్లో స్త్రీలెంతమంది, కీలక యాజమాన్య పదవుల్లో ఎంతమంది, ప్రసూతి సెలవుకు వెళ్లినవారిలో తిరిగి వచ్చి నిలిచినవారు ఎంత శాతం అన్నవన్నీ అందులో ఉంటాయి. షేర్లు కొనే మధ్యతరగతి తెలుగువాళ్లు లాభం అంకె చూసి పక్కన పెట్టే నివేదికలోనే అవి ఉంటాయి. అయితే ఎన్ని ప్లాంట్లకు స్త్రీలు అధిపతులు, ఎన్ని వ్యాపార విభాగాల లాభనష్టాలు వాళ్ల చేతిలో ఉన్నాయి అన్న గడి ఆ పత్రంలో లేదు. సెబీ ఆ ఒక్క గడి చేరిస్తే తర్వాతి సీఈఓ ఎంపికకు అర్హులెవరూ దొరకలేదని చెప్పే బోర్డు, ఐదేళ్ల కిందట ఎవరిని ఏ ప్లాంటుకు పంపిందో కూడా చెప్పాల్సి వస్తుంది.