చెంప ఒకవైపే లోపలికి పోతుంటే

ఏడు లక్షల మందిలో ఒకరు. ప్యారీ-రోంబర్గ్ సిండ్రోమ్‌కు వైద్యులు తరచూ చెప్పే కనీస అంచనా ఇది. ముఖంలో ఒకవైపు చర్మం, దాని కింది కొవ్వు, కండ, ఒక్కోసారి ఎముక కూడా మెల్లగా కరిగిపోయే జబ్బు. ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 5 కోట్లనుకుంటే రాష్ట్రం మొత్తానికి 70 మంది. రెండున్నర లక్షలకు ఒకరన్న అంచనా పట్టుకున్నా 200 మందే. నాయుడుపేటలో ముప్పై ఏళ్లు ప్రాక్టీసు చేసిన డాక్టరు కూడా ఒక్క కేసైనా చూసి ఉండకపోవచ్చు. ఆయన తప్పు లేదు. కానీ జబ్బు పేరు తెలియకుండా గడిచే ప్రతి ఏడాదీ పిల్ల ముఖం మీదే పడుతుంది.

ఎక్కువగా 20 ఏళ్లలోపే, ఆడపిల్లల్లో కాస్త ఎక్కువగా మొదలవుతుంది. మొదట చెంప మీద చిన్న సొట్ట. పన్ను పీకించినందుకనో, పక్షవాతమనో అనుకుంటారు. తేడా ఇంట్లోనే చూడొచ్చు. పిల్లను కళ్లు గట్టిగా మూయమనండి, బుగ్గలు పూరించమనండి. ముఖ పక్షవాతమైతే ఆ వైపు కన్ను పూర్తిగా మూతపడదు, గాలి పెదవి పక్కనుంచి జారిపోతుంది. ఈ జబ్బులో కదలిక మామూలుగానే ఉంటుంది, తగ్గేది కండపుష్టి. నుదుటి మీద నిలువుగా కత్తివేటు లాంటి గాడి పడినా, నాలుక ఒకవైపు సన్నబడినా అనుమానం బలపడుతుంది. కొందరికి ఫిట్స్, పార్శ్వపు తలనొప్పి కూడా వస్తాయి. వాళ్లకు మెదడు ఎంఆర్ఐ తప్పనిసరి.

జబ్బుకు పేరిచ్చిన ఇద్దరు వైద్యుల్లో ప్యారీ వర్ణన 1825లో, రోంబర్గ్‌ది 1846లో అచ్చయ్యాయి. అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. రోగనిరోధక శక్తి సొంత కణజాలం మీదే తిరగబడటమని ఎక్కువమంది నమ్మకం. అంటువ్యాధి కాదు. కడుపుతో ఉన్నప్పటి గ్రహణానికీ, తల్లి చేసినదానికీ దీంతో ఏ సంబంధమూ లేదు, ఆ మాట ఆమె వినేలా చెప్పాలి.

జబ్బు 2 నుంచి 20 ఏళ్ల దాకా సాగి, చాలామందిలో దానంతటదే ఆగుతుంది. సాగుతున్నప్పుడు మందులు, ఆగాక సర్జరీ. మందుల్లో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్, తొలిరోజుల్లో స్టెరాయిడ్లు తోడు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద పెద్దక్షరాల్లో రాయించుకోండి.

ముఖం ఒకటి రెండేళ్లు మారకుండా నిలిచాకే సాధారణంగా పూడ్చే సర్జరీ. పొట్ట కొవ్వు తీసి చెంపలోకి ఎక్కిస్తారు. కొంత కరిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ చేయాల్సి రావచ్చు. లోటు మరీ పెద్దదైతే రక్తనాళాలతో సహా కణజాలాన్ని తెచ్చి అతుకుతారు.

మారుతోందో ఆగిందో చెప్పేవి ఫొటోలే. మూడు నెలలకోసారి అదే వెలుతురులో, అదే దూరంలో, ఎదురుగా ఒకటి, రెండు పక్కలా రెండు తీసి ఉంచండి. అవి పట్టుకుని ముందు చర్మవైద్యుల దగ్గరికో రుమటాలజిస్టు దగ్గరికో వెళ్లండి. ఫిట్స్ ఉంటే న్యూరాలజిస్టుకూ చూపించాలి. తిరుపతి స్విమ్స్‌లో న్యూరాలజీ ఉంది, హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ ఉంది. కాస్మెటిక్ క్లినిక్ గడప ఆ తర్వాతే.